రోగులను మోసే వ్యాను: మార్పులు చేయించేముందు తెలుసుకోవలసిన సంగతులు



ఈ నెల పాఠం మందుల గురించి కాదు, వ్యాను గురించి. నర్సుకు బండి సంగతులు ఎందుకని మీరు అనుకోవచ్చు. మన ఆసుపత్రికి వచ్చే రోగుల్లో చాలామంది జబ్బు ముదిరాక మొదటి గంట గడిపేది మా వార్డులో కాదు, ఏదో ఒక వ్యానులో. ఆ గంటలో రోగి ఊపిరి, నాడి ఎంత ముఖ్యమో, ఆ బండి బ్రేకు, వైరింగు, పొగగొట్టం కూడా అంతే ముఖ్యం. లోపల ఆక్సిజన్ ఉండి బ్రేకు సరిగా పడని బండి రోగికి మేలు చేయదు.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలయ్యాక అత్యవసర సమయంలో చాలా ఇళ్ళకు ధైర్యం వచ్చింది. అయినా మంచాన ఉన్న తండ్రిని నెలనెలా పరీక్షకు తేవడానికి, డయాలిసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు తిప్పడానికి, మారుమూల ఊళ్ళ నుంచి కంటి రోగులను శిబిరానికి తేవడానికి సొంత వ్యానులు, అద్దె వ్యానులే దిక్కు. కొన్ని కుటుంబాలు పాత సరుకుల వ్యాను కొని లోపల మంచం వేయిస్తున్నాయి. కొన్ని సంఘాలు చందాలు వేసుకొని ఒక సెకండ్ హ్యాండ్ బండి తీసుకొని రోగుల కోసం సిద్ధం చేయిస్తున్నాయి. మంచి పనే. అయితే మంచి మనసుతో బిగించిన వస్తువు కూడా తప్పుచోట బిగిస్తే ప్రాణం తీయగలదు. అందుకే ఈ పాఠం.

ముందు అనుమతి, తరువాత పని

షెడ్డులో డ్రిల్లు పట్టకముందే ఆర్‌టిఓ ఆఫీసుకు వెళ్ళాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సిలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

వికలాంగుల అవసరానికి తగినట్టు బండిని మార్చుకునే వారికి అదే సెక్షనులో వేరే వెసులుబాటు ఉంది. వారు కూడా మార్పు చేయించాక రిజిస్టరింగ్ అధికారి చేత ఆమోదం పొందాలి. అంబులెన్సులకైతే ఏఐఎస్-125 అనే జాతీయ ప్రమాణం ఉంది. అందులో అంబులెన్సులను ఏ, బి, సి, డి అని నాలుగు రకాలుగా విభజించారు. బి రకం అంటే రోగిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే బండి. డి రకం అంటే ప్రాణాపాయంలో ఉన్న రోగికి పూర్తి సదుపాయాలు గల బండి. వ్యానుపై ఎర్ర అక్షరాలు రాసి, సైరన్ పెట్టినంత మాత్రాన అది అంబులెన్సు కాదు.

ఇన్సూరెన్సు కంపెనీకి కూడా మార్పుల సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర చిక్కులు వస్తాయి.

బండి ఆరోగ్యానికి ఐదు ప్రశ్నలు

వార్డులోకి కొత్త రోగి వచ్చినప్పుడు మేము ఊపిరి, నాడి, రక్తపోటు వరుసగా చూస్తాం. అలాగే వ్యానులో ఏ వస్తువు బిగించాలన్నా ఈ ఐదు ప్రశ్నలు వరుసగా వేయండి. ఇది బరువుకు ఏమి చేస్తుంది? బ్రేకుకు ఏమి చేస్తుంది? పొగగొట్టానికి ఏమి చేస్తుంది? కరెంటుకు ఏమి చేస్తుంది? ఇంధనానికి ఏమి చేస్తుంది? ఐదింటికీ నిబ్బరమైన జవాబు వస్తేనే ఆ వస్తువు బిగించండి. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. బరువు

ప్రతి బండికీ తయారీదారు ఒక హద్దు పెడతారు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంతకంటే మించకూడదని అర్థం. ఇది ఆర్‌సిలో ఉంటుంది. ఖాళీ బండి బరువు కూడా అందులోనే ఉంటుంది. మొదటి దానిలో నుంచి రెండవది తీసివేస్తే మనకు మిగిలే బరువు తెలుస్తుంది.

ఒక లెక్క చూడండి. మీ వ్యానులో అలా మిగిలే బరువు 650 కిలోలు అనుకుందాం. స్ట్రెచర్ 40, ప్లైవుడ్డు బీరువాలు 60, ఆక్సిజన్ సిలిండర్లు, వాటి స్టాండు 40, ఇన్వర్టరు, బ్యాటరీ 35, వెనుక ఏసీ 45, నీళ్ళ ట్యాంకు 40, నేల పలకలు, అడ్డుగోడ 80. మొత్తం 340 కిలోలు. ఇక మిగిలింది 310. డ్రైవరు, నర్సు, రోగి, ఇద్దరు బంధువులు, మనిషికి 60 చొప్పున 300. ఇంకా పది కిలోలే ఖాళీ. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినవారిని ఇంటికి తీసుకువెళ్ళేటప్పుడు మరో ఐదుగురు ఎక్కితే ఏమవుతుందో మీరే చెప్పగలరు.

బరువు పెరిగిందని చాలామంది వెనుక కమాన్లలో ఒక పట్టీ అదనంగా వేయిస్తారు. పట్టీ వేసినంత మాత్రాన బండి హద్దు పెరగదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. పైగా బండి బిరుసెక్కి, ప్రతి గుంటకూ ఎగిరిపడుతుంది. వెన్నుపూస విరిగిన రోగికి, తుంటి విరిగిన అవ్వకు ఆ కుదుపు ఎంత నరకమో మేము రోజూ చూస్తూ ఉంటాం.

ఇవి పాటించండి:

• బరువైన వస్తువులను నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల మధ్య వచ్చేలా పెట్టించండి. టాపు మీద క్యారియరు, నీళ్ళ ట్యాంకు పెడితే మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది.

• ఎడమ, కుడి బరువులు సమంగా ఉండేలా చూడండి. సిలిండర్లు, బ్యాటరీ, బీరువా అన్నీ ఒకే పక్క చేరకూడదు.

• టైరు పక్కన దాని సైజుతోపాటు అది మోయగల బరువును తెలిపే అంకె ఉంటుంది. కంపెనీ చెప్పిన సైజు, ఆ అంకె తగ్గకుండా కొనండి. పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, చక్రం తిప్పినప్పుడు టైరు బ్రేకు హోసుకు రాసుకోవచ్చు.

• పని పూర్తయ్యాక వేబ్రిడ్జికి తీసుకువెళ్ళి తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి తూచితే ఏ ఇరుసుపై ఎంత పడుతుందో తెలుస్తుంది. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ.

2. బ్రేకు

బ్రేకు పైపులో ఉన్న ఆయిలు మీ కాలి ఒత్తిడిని చక్రం వరకు మోసుకువెళుతుంది. సెలైన్ గొట్టం నలిగితే మందు ఆగినట్టే, ఆ పైపు నలిగినా, తుప్పుపట్టినా, గాలి చేరినా బ్రేకు ఆగిపోతుంది. ఈ సన్నని పైపులు చాలా వ్యానులలో నేల రేకు కింద, ఛాసిస్ పక్కన పోతుంటాయి. సీటు బిగించడానికి పైనుంచి రంధ్రం వేసే మనిషికి అవి కనిపించవు.

అందుకే డ్రిల్లు పెట్టేముందు ఒకరు బండి కిందికి వెళ్ళి చూడాలి. బ్రేకు పైపు, ఇంధన పైపు, పెట్రోలు ట్యాంకు, వైర్ల కట్ట ఎక్కడున్నాయో సుద్దముక్కతో పైన నేలపై గీయాలి. ఆ గీతలకు దూరంగానే రంధ్రం వేయాలి. ఛాసిస్ కమ్మీలకు రంధ్రాలు వేయడం, వాటిని కోయడం, వాటికి వెల్డింగు చేయడం కంపెనీ సూచన లేకుండా అసలు చేయకూడదు. బండి బలమంతా ఆ కమ్మీలలోనే ఉంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కొన్ని సరుకుల వ్యానులలో వెనుక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. బరువుకు బండి ఎంత కిందికి దిగిందో చూసుకొని, వెనుక బ్రేకుకు ఎంత ఒత్తిడి ఇవ్వాలో అది సర్దుతుంది. మీరు అదనపు పట్టీ వేయించి బండిని పైకి లేపితే, ఆ వాల్వు బండి ఖాళీగా ఉందని పొరబడి వెనుక బ్రేకును తగ్గించివేస్తుంది. లోపల రోగి, బంధువులు, సామాను అన్నీ ఉంటాయి గాని బండి ఆగవలసినంత త్వరగా ఆగదు. కాబట్టి కమాన్లను ముట్టుకున్న ప్రతిసారీ ఈ వాల్వు సంగతి కంపెనీ సర్వీసు మెకానిక్కును అడగండి.

మార్పు పూర్తయ్యాక పూర్తి బరువుతో, ఖాళీ మైదానంలో, మెల్లని వేగంతో బ్రేకు పరీక్ష చేయించండి. రోగి బరువుకు బదులు ఇసుక మూటలు వేయవచ్చు. బండి ఒక పక్కకు లాగినా, పెడల్ మెత్తగా దిగిపోయినా షెడ్డుకు వెనక్కి పంపండి.

3. పొగగొట్టం

ఇది నా పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దయచేసి రెండుసార్లు చదవండి.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. అందువల్ల గాలి పీలుస్తున్నా శరీరానికి ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తాయి. తరువాత మగత, స్పృహ తప్పడం, చివరకు మరణం. డీజిలు బండ్లలో ఇది పెట్రోలు బండ్ల కంటే తక్కువే గాని అసలు లేకపోలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక నిండు గర్భిణిని దూరపు ఊరి నుంచి ఒక అద్దె వ్యానులో తెచ్చారు. ఆమెకు, తోడు వచ్చిన తల్లికి, అక్కకు ముగ్గురికీ తలనొప్పి, వాంతులు. ముగ్గురూ దారిలో తిన్న ఇడ్లీ పడలేదేమో అన్నారు. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటరు 98 చూపించింది. కాని ముందు సీటులో కిటికీ తెరుచుకొని కూర్చున్న డ్రైవరు కూడా అదే ఇడ్లీ తిన్నాడు, అతనికి ఏమీ కాలేదు. మా డాక్టరుగారు బండిని చూడమన్నారు. వెనుక కొత్తగా ఇనుప మెట్టు బిగించారు. పొగగొట్టం చివర ఆ మెట్టు కిందే ఆగిపోయింది. వెనుక తలుపు రబ్బరు ఊడి ఉంది. పొగ అంతా లోపలికే వచ్చింది. ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

ఇందులో తెలుసుకోవలసినవి:

• మామూలు పల్స్ ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని, ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని వేరు చేయలేదు. అంకె బాగుందని నమ్మి ఊరుకోకూడదు.

• బండిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతి వస్తే పొగను అనుమానించండి. వెంటనే బండి ఆపి, ఇంజను ఆపి, అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. 108కు ఫోను చేయండి. ఆసుపత్రిలో బండిలో వచ్చామని, అందరికీ ఇలాగే ఉందని తప్పక చెప్పండి.

• మామూలు గాలి పీలిస్తే రక్తంలోని ఈ విషవాయువు సగానికి తగ్గడానికి సుమారు నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఆలస్యం చేయకూడదు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

• పొగగొట్టం చివర బండి బాడీ అంచు దాటి బయటకు ఉండాలి. వెనుక మెట్టుగాని, పెద్ద బంపరుగాని బిగిస్తే గొట్టాన్ని కూడా తగినట్టు బయటకు తేవాలి.

• నేలలో వేసిన ప్రతి రంధ్రాన్ని, వైరు దూరిన ప్రతి సందును సీలు చేయాలి. వెనుక తలుపు రబ్బరు చిరిగితే అదే రోజు మార్చాలి.

• వెనుక తలుపు తెరిచి బండి నడపకూడదు. పొడవైన వస్తువు పట్టలేదని తలుపు తాడుతో కట్టి పోతుంటారు. బండి కదులుతుంటే వెనుక ఏర్పడే గాలి సుడి పొగను లోపలికి లాగుతుంది.

• రోగి లోపల ఉండగా ఏసీ కోసం గంటల తరబడి ఇంజను ఆన్‌లో ఉంచి నిలబెట్టకండి.

పొగగొట్టం వేడి కూడా ప్రమాదమే. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బిఎస్-6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు సుమారు 600 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న రేకు కవచాన్ని తీసివేయడం, దాని పైభాగంలో ప్లైవుడ్డు, స్పాంజి, కార్పెట్ తగిలేలా వేయడం నిప్పుతో ఆటే.

4. కరెంటు

బండి బ్యాటరీ 12 వోల్టులు. ఇంట్లో సన్నని వైరుతో నడిచే వస్తువుకు బండిలో లావు వైరు కావాలి. ఎందుకో చూడండి. ఇంట్లో వాడే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. 350ని 12తో భాగిస్తే 29. ఇన్వర్టరులో పోయే నష్టం కలిపితే సుమారు 33 ఆంపియర్లు. ఇంత కరెంటు సన్నని వైరులో పోతే వైరు కాలుతుంది. అది ప్లైవుడ్డు వెనుక, రెక్సిను కింద ఉంటే మనకు కనిపించేది పొగ వచ్చాకనే.

ఇంకో లెక్క. బ్యాటరీ 65 ఆంపియర్ అవర్లది అనుకోండి. ఇంజను ఆపి ఈ కాన్సన్‌ట్రేటరు నడిపితే సుమారు గంటలో సగం ఖాళీ అవుతుంది. తరువాత బండి స్టార్టు కాకపోవచ్చు. రోగితో నడిరోడ్డుపై నిలిచిపోయే పరిస్థితి రాకూడదంటే, రోగి సామానుకు వేరే బ్యాటరీ పెట్టించాలి. రెండు బ్యాటరీల మధ్య ఐసొలేటరు రిలే ఉంటే, బండి నడిచేటప్పుడు రెండూ చార్జి అవుతాయి, ఆగినప్పుడు స్టార్టింగు బ్యాటరీ జోలికి ఎవరూ పోరు. బండి ఆల్టర్నేటరు ఈ అదనపు పనిని మోయగలదో లేదో ముందే అడగాలి.

• బ్యాటరీ నుంచి వచ్చే కొత్త వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టకండి.

• హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు వైర్లను కత్తిరించి అందులో నుంచి కరెంటు తీయకూడదు.

• వైరు రేకు గుండా పోయే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. లేకపోతే కుదుపులకు రేకు అంచు వైరు తొక్కను కోసివేస్తుంది.

• నీళ్ళతో తీసుకునే మామూలు బ్యాటరీని రోగి ఉండే గదిలో మూసిపెట్టకూడదు. చార్జి అయ్యేటప్పుడు దాని నుంచి మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది బయటకు పోయే దారి ఉండాలి.

• బండికి వెల్డింగు చేసేముందు బ్యాటరీ వైర్లు విప్పాలి. లేకపోతే ఇప్పటి బండ్లలోని కంప్యూటరు పాడవుతుంది. పెట్రోలు ట్యాంకు, పైపుల దగ్గర వెల్డింగు అసలే వద్దు.

5. ఇంధనం, ఆక్సిజన్

మారుతి ఓమ్ని వ్యాను 1984లో వచ్చింది, 2019లో తయారీ ఆగింది. ఇప్పటికీ మన ఊళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. వీటిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని ఇలాంటి బండ్లకు వంటింటి గ్యాసు సిలిండరు తగిలించిన వాళ్ళను మీరూ చూసి ఉంటారు. అది చట్టవిరుద్ధం, బాంబును పక్కన పెట్టుకోవడమే. గ్యాసు కిట్టు కావాలంటే ఆమోదం ఉన్న కిట్టును అధీకృత సెంటరులో బిగించి ఆర్‌సిలో రాయించాలి. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్ళకొకసారి ప్రెషర్ పరీక్ష తప్పనిసరి.

ఆక్సిజన్ తానుగా మండదు గాని మండేదాన్ని భగ్గుమనిపిస్తుంది. మూసిన వ్యానులో సిలిండరు లీకైతే దుప్పటి, జుట్టు, స్పాంజి అన్నీ తేలికగా అంటుకుంటాయి. అందుచేత బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల వద్దు. సిలిండరు వాల్వుకు, రెగ్యులేటరుకు గ్రీజుగాని, నూనెగాని, వాసలైనుగాని రాయకూడదు. నూనె ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌ను తాకితే దానంతట అదే మండగలదు. మెకానిక్కు గ్రీజు చేతులతో రెగ్యులేటరు బిగించకూడదు.

చిన్న బి టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 5 లీటర్ల చొప్పున 300 నిమిషాలు, అంటే 5 గంటలు వస్తుంది. 10 లీటర్ల చొప్పున రెండున్నర గంటలే. ప్రయాణ సమయానికి రెట్టింపు ఉండేలా చూసుకొని బయలుదేరండి.

బిగింపు: ఎగిరివచ్చే వస్తువు ప్రాణం తీస్తుంది

అంబులెన్సులకు యూరపులో ఉన్న ఈఎన్ 1789 అనే ప్రమాణం ప్రకారం, లోపల బిగించిన ప్రతి వస్తువూ తన బరువుకు పదింతల లాగుడు వచ్చినా ఊడిరాకూడదు. 15 కిలోల సిలిండరుకు ఇది 150 కిలోల లాగుడు. తాడుతో కట్టిన సిలిండరు ఆ దెబ్బకు నిలవదు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు చోట్ల ఇనుప పట్టీతో బిగించాలి.

సీటుగాని, స్ట్రెచర్ పట్టాగాని పలుచని నేల రేకుకు నట్టుబోల్టుతో బిగిస్తే, గుద్దుకున్నప్పుడు బోల్టు రేకును చించుకొని వస్తుంది. రేకు కింద వెడల్పయిన ఇనుప పలక పెట్టి, దాని గుండా బోల్టు వేయాలి. సీటు ఉన్నచోట బెల్టు ఉండాలి. పక్క బల్లపై బెల్టు లేకుండా బంధువులను కూర్చోబెట్టకూడదు. రోగికి ఛాతీ, నడుము, కాళ్ళ దగ్గర పట్టీలతోపాటు భుజాల పట్టీ కూడా కావాలి, లేకపోతే గట్టిగా బ్రేకు వేస్తే స్ట్రెచర్ నుంచి ముందుకు జారిపోతాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకువెళితే కుర్చీకి నాలుగు మూలలా నాలుగు పట్టీలు, మనిషికి వేరుగా బెల్టు వేయాలి.

వెనుక తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. దొంగల భయంతో కిటికీలకు ఇనుప గ్రిల్లు వెల్డింగు చేయిస్తే, నిప్పంటుకున్నప్పుడు బయటపడే దారి ఉండదు. మంటలార్పే సిలిండరును డ్రైవరుకు, వెనుక ఉన్నవారికి అందేచోట ఉంచండి.

కడగడం

రక్తం, వాంతి పడినచోట మేము 1 శాతం హైపోక్లోరైటు ద్రావణం వాడతాం. ఇది క్రిములను చంపుతుంది గాని ఇనుమును, బెల్టు బకిల్సును తినేస్తుంది. పదినిమిషాలు ఉంచాక మంచినీళ్ళ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నేలకు వేసే వినైలు షీటు గోడల మీదికి నాలుగు అంగుళాలు ఎక్కేలా వేయిస్తే నీళ్ళు కిందికి దిగవు. నీళ్ళు దిగితే ప్లైవుడ్డు కుళ్ళుతుంది, రేకు తుప్పుపడుతుంది, కింది వైర్లు పాడవుతాయి. హోసు పైపుతో లోపల కడగవద్దు. క్షయ రోగిని తీసుకువెళ్ళేటప్పుడు ఏసీ ఆపి పక్క కిటికీలు తెరవండి, రోగికి, డ్రైవరుకు ఇద్దరికీ మాస్కు వేయండి.

అద్దె వ్యాను ఎక్కేముందు రెండు నిమిషాలు

కంగారులో ఉన్నా ఇంట్లో ఒక్కరైనా ఇవి చూడండి:

1. వెనుక తలుపు గట్టిగా పడుతున్నదా? లోపలి నుంచి తెరుచుకుంటున్నదా?

2. ఇంజను స్టార్టు చేసినప్పుడు లోపల పొగ వాసన వస్తున్నదా? కార్బన్ మోనాక్సైడుకు వాసన లేకపోయినా దానితోపాటు వచ్చే పొగకు ఉంటుంది. వస్తే ఎక్కవద్దు.

3. సిలిండరు కదలకుండా బిగించి ఉన్నదా? గేజి ముల్లు ఎక్కడున్నది?

4. స్ట్రెచర్ తాళం పడిందా? పట్టీలు ఉన్నాయా?

5. టైర్లు నున్నగా అరిగిపోయాయా?

6. ఎంతమంది ఎక్కుతున్నారు? రోగికి తోడు ఇద్దరు చాలు. మిగిలినవారు బస్సులో రండి.

సందేహాలు, సమాధానాలు

*మా బండి ఇలాగే పదేళ్ళుగా తిరుగుతున్నది, ఏమీ కాలేదు. ఇప్పుడు మార్చాలా?*
రక్తపోటు ఉన్నవారు కూడా పదేళ్ళు ఏమీ కాలేదనే అంటారు. తూకం, బ్రేకు, పొగగొట్టం, వైరింగు ఒకసారి చూపించండి. 8 ఏళ్ళు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. అంబులెన్సు కూడా ఆ కోవలోకే వస్తుంది.

*డబ్బు కొద్దిగానే ఉంది. మొదట ఏమి చేయించాలి?*
మొదట బ్రేకులు, టైర్లు, పొగగొట్టం బాగుచేయించండి. రెండవది స్ట్రెచర్, బెల్టులు, సిలిండరు బిగింపు. ఏసీ, రంగు, లైట్లు చివరకు. సైరన్ లేకపోయినా రోగి బతుకుతాడు.

*షెడ్డువాళ్ళు అన్నీ మాకు తెలుసు అంటారు. మేము ఎలా పరీక్షించాలి?*
పైన చెప్పిన ఐదు ప్రశ్నలు అడగండి. చేసిన పని అంతా కాగితంపై రాయించుకోండి. పని జరిగేటప్పుడు నేల పలకలు మూయకముందే వైర్ల, పైపుల ఫోటోలు తీసి పెట్టుకోండి. తరువాత మరమ్మతుకు అవి ఎంతో ఉపయోగపడతాయి.

*ప్రాణాపాయం ఉన్న రోగిని మా సంఘం వ్యానులో తేవచ్చా?*
మొదట 108కు ఫోను చేయండి. అందులో శిక్షణ పొందినవారు, తగిన సామాను ఉంటాయి. మీ వ్యాను మంచాన ఉన్నవారికి, పరీక్షలకు వచ్చేవారికి, ఇంటికి వెళ్ళేవారికి ఎంతో సేవ చేస్తుంది.

వ్యాను సిద్ధం చేయించే ఆలోచన ఉన్న కుటుంబాలు, సంఘాలు పని మొదలుపెట్టకముందు ఈ పేజీని చింపి బాడీ బిల్డింగు షెడ్డులో ఇవ్వండి. లోపల స్ట్రెచర్ ఎత్తు ఎంత ఉండాలి, ఆక్సిజన్ ఎక్కడ ఉంటే నర్సు చేతికి అందుతుంది వంటి సంగతులు అడగడానికి మధ్యాహ్నం 3 గంటల తరువాత మా నర్సింగు ఆఫీసుకు రావచ్చు. కొలతల టేపు, బండి ఆర్‌సి వెంట తెచ్చుకోండి.

నర్సింగ్ సూపరింటెండెంట్